ఓకేఆర్, ఎస్‌ఎల్‌ఓ, స్ప్రింట్ గోల్: మీ సాఫ్ట్‌వేర్ టీమ్‌కు ఏది నప్పుతుంది?

“మార్చి 31 లోపు పేమెంట్ పేజీని కొత్త ఫ్రేమ్‌వర్క్‌లోకి మార్చాలి.” చాలా టీమ్‌ల గోల్స్ షీట్‌లో మొదటి వరుసలో ఉండేది ఇలాంటి వాక్యమే. ఇది పని, లక్ష్యం కాదు. పేజీ మారాక కూడా డబ్బు కట్టలేక మధ్యలో వదిలేసే కస్టమర్లు మునుపటంత మందే ఉంటే, మూడు నెలల శ్రమకు దక్కిందేమిటో ఈ వాక్యం చెప్పదు. దీన్ని ఓకేఆర్ (ఒక లక్ష్యం, దాన్ని కొలిచే అంకెలు) అన్నా, స్మార్ట్ గోల్ (స్పష్టంగా, కొలవగలిగేలా, గడువుతో రాసిన లక్ష్యం) అన్నా దాని తీరు మారదు.

పద్ధతుల్ని తూచడానికి ఇక్కడ వాడిన గీటురాయి ఒక్కటే. మూడు నెలల క్వార్టర్‌లో ఆరో వారం వచ్చేసరికి, ఆ షీట్ చూసి టీమ్ ఏదైనా పనిని పక్కన పెట్టగలిగిందా? పెట్టగలిగితే పద్ధతి పనిచేస్తోంది. అన్ని పనులూ ఎప్పటిలాగే సాగుతూ, చివరి వారంలో షీట్ తెరిచి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు నింపుతున్నారంటే, అది ఎంత పేరున్న పద్ధతైనా ఆ టీమ్‌కు దండగే.

పని పక్కన పెట్టే ధైర్యం రావాలంటే, పద్ధతి ఆ టీమ్‌కు పని వచ్చే దారికి సరిపోవాలి. సొంత ప్రోడక్ట్‌లో ఏం చేయాలో తానే తేల్చుకునే టీమ్ ఒక రకం. క్లయింట్ ఇచ్చిన స్టోరీలు (చిన్న చిన్న పనులుగా రాసిన అవసరాలు) పూర్తిచేసే టీమ్ ఇంకో రకం. ప్రొడక్షన్ (కస్టమర్లు వాడుతున్న అసలు సిస్టమ్) పడిపోకుండా కాపలా కాసే టీమ్ మూడో రకం. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఒకే అంతస్తులో ఈ మూడు రకాలూ పక్కపక్కనే కూర్చుంటాయి. పైనుంచి మాత్రం అందరికీ ఒకే టెంప్లేట్ వస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

మీ టీమ్ ఏ రకమో ఊహించుకోవద్దు, లెక్కపెట్టండి. గత మూడు నెలల్లో మూసిన టికెట్లను (ఒక్కో పనికి ఒక్కో నమోదు) పనులు రాసుకునే టూల్ జిరాలోంచి ఎక్స్‌పోర్ట్ చేసి, ప్రతి టికెట్ పక్కనా అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి: టీమ్ సొంతంగా ఎంచుకున్నదా, క్లయింట్ లేదా చట్టం తేదీతో సహా ఇచ్చిందా, ప్రొడక్షన్‌లో ఏదో చెడిపోయి వచ్చిందా. టికెట్ల సంఖ్య కన్నా వాటికి పట్టిన రోజుల్ని కూడితే నిజం బాగా తెలుస్తుంది. సొంతంగా ఎంచుకున్న పని సగం కన్నా ఎక్కువుంటే ఓకేఆర్‌కు చోటుంది. మూడో వంతుకు మించి ప్రొడక్షన్ నుంచి వస్తుంటే ముందు ఎస్‌ఎల్‌ఓ (సర్వీస్ ఎంత నిలకడగా పనిచేయాలో చెప్పే అంకె) సంగతి చూడాలి. ఎక్కువ భాగం క్లయింట్ దగ్గర్నుంచే వస్తుంటే మంచి స్ప్రింట్ గోల్ (రెండు వారాల లాంటి చిన్న పని విడతకు ఒకే లక్ష్యం) ఒక్కటి చాలు. దానిపైన ఇంకేం పెట్టినా కాగితం బరువే. ఈ హద్దులు అనుభవం మీద గీసినవి. ఒకటి రెండు శాతం అటూ ఇటూ అయితే పట్టించుకోనక్కర్లేదు.

ఓకేఆర్: ప్రోడక్ట్ టీమ్‌కు బలమైనది, తేలిగ్గా పాడయ్యేది

1954లో పీటర్ డ్రకర్ వివరించిన లక్ష్యాల ఆధారిత నిర్వహణను ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ తన తీరులో మలిచారు. అక్కడ పనిచేసిన జాన్ డోర్ 1999లో దాన్ని గూగుల్‌కు తీసుకెళ్లారు. నిర్మాణం చాలా చిన్నది. ఒక ఆబ్జెక్టివ్, అంటే ఈ క్వార్టర్‌లో ఎవరికి ఏ మార్పు తేవాలో చెప్పే ఒక వాక్యం. దానికింద రెండు మూడు కీ రిజల్ట్‌లు, అంటే ఆ మార్పు వచ్చిందని రుజువు చేసే అంకెలు. ప్రతి అంకెకూ మూడు భాగాలు తప్పనిసరి: ఇప్పుడెంత ఉంది, ఎంతకు చేరాలి, ఎప్పటికి. మొదటిది లేకుండా రాసిన కీ రిజల్ట్‌లే బయట ఎక్కువగా కనిపిస్తాయి. ఇప్పుడెంతుందో తెలియకుండా “20 శాతం తగ్గించాలి” అని రాస్తే దేంట్లో 20 శాతమో చివరి రోజు దాకా ఎవరికీ తెలియదు.

ఉదాహరణకు యూపీఐతో డబ్బు తీసుకునే యాప్‌లో చెక్అవుట్ టీమ్‌ను తీసుకుందాం. “డబ్బు కట్టాలనుకున్న కస్టమర్ మొదటి ప్రయత్నంలోనే కట్టగలగాలి” అన్నది మంచి ఆబ్జెక్టివ్. కింద “ఫెయిలయ్యే యూపీఐ చెల్లింపులు 8 శాతం నుంచి 3 శాతానికి తగ్గాలి” అని రాస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ, అది ఆ టీమ్ చేతిలో ఉన్న అంకె కాదు. యూపీఐలో విఫలమైన చెల్లింపులు రెండు రకాలు. పిన్ తప్పు కొట్టడం, ఖాతాలో డబ్బు చాలకపోవడం లాంటివి బిజినెస్ డిక్లైన్‌లు. బ్యాంకు సర్వర్ అందుబాటులో లేకపోవడం లాంటివి టెక్నికల్ డిక్లైన్‌లు. ఈ రెండింటినీ చెక్అవుట్ టీమ్ నేరుగా తగ్గించలేదు. ఏదైనా పెద్ద బ్యాంకు ఒక వారం ఇబ్బంది పడితే టీమ్ ఏ తప్పూ చేయకుండానే షీట్ ఎర్రబడుతుంది. మరో వారం బ్యాంకులన్నీ బాగుంటే ఏమీ చేయకుండానే ఆకుపచ్చబడుతుంది. ఇలాంటి అంకెను రెండు వారాలు చూశాక దాన్ని చూడటమే మానేస్తారు.

టీమ్ చేతిలో ఉన్నవి వేరు. పేమెంట్ గేట్‌వే నుంచి కాల్‌బ్యాక్ (చెల్లింపు ఏమైందో చెప్పే జవాబు) అందక పెండింగ్‌లో ఉండిపోయినవి, డబ్బు కట్ అయినా ఆర్డర్ కన్ఫర్మ్ కానివి, టైమ్అవుట్ (జవాబు కోసం ఆగే సమయం) తక్కువ పెట్టడంవల్ల మనమే ముందుగా ఫెయిల్ చేసేసినవి. వీటిని విడిగా లెక్కగట్టి, “మన వైపు కారణాలతో ఆగిన చెల్లింపులు 3.2 శాతం నుంచి 1.5 శాతానికి” అని రాస్తే అది నిజమైన కీ రిజల్ట్. ఆరో వారంలో ఎవరైనా వచ్చి చెక్అవుట్ పేజీకి డార్క్ మోడ్ అడిగితే, ఈ అంకె చూపించి తర్వాత చేద్దామని చెప్పవచ్చు. పేజీని కొత్త ఫ్రేమ్‌వర్క్‌లోకి మార్చాలన్న పాత వాక్యానికి ఆ శక్తి లేదు.

ఒక అంకె పక్కన దాన్ని కాపలా కాసే ఇంకో అంకె ఉండాలి. ఫెయిల్యూర్ శాతం ఒక్కటే పెడితే, ఎక్కువ ఫెయిలయ్యే బ్యాంకుల కస్టమర్లకు యూపీఐ ఆప్షనే దాచేసి కూడా ఆ శాతం తగ్గించవచ్చు. ఎవరూ దురుద్దేశంతో చేయరు. ఒత్తిడిలో ఉన్న టీమ్‌కు అది సులువైన దారిగా కనిపిస్తుంది. అందుకే “రోజూ పూర్తయ్యే చెల్లింపుల సంఖ్య తగ్గకూడదు” అన్న రెండో వరుస పెట్టాలి. కొలతే లక్ష్యంగా మారితే అది మంచి కొలతగా ఉండటం మానేస్తుందన్న సూత్రానికి మూలం 1975లో చార్లెస్ గుడ్‌హార్ట్ ద్రవ్య విధానం గురించి చేసిన పరిశీలన. సాఫ్ట్‌వేర్ టీమ్‌ల షీట్‌లలో అది ప్రతి క్వార్టర్‌లోనూ మళ్లీ రుజువవుతుంది.

అంకె చిన్నదైతే ఇంకో జాగ్రత్త కావాలి. రోజుకు 200 చెల్లింపులు వచ్చే యాప్‌లో 3 శాతమంటే 6. ఒకరోజు 6, మరోరోజు 4 వస్తే ఏమీ మారినట్టు కాదు. వారానికి 1,400 చెల్లింపుల్లో 42 ఫెయిలవుతుంటే, ఆ 42 దానంతటదే ఆరు అటూ ఇటూ ఊగుతుంది. ఒక వారం 36 కనిపించగానే సంబరపడొద్దు. వరుసగా మూడు నాలుగు వారాలు దిగువన నిలిస్తేనే మార్పు వచ్చినట్టు. అంతకన్నా తక్కువ ట్రాఫిక్ ఉన్న చోట శాతాలు మానేసి, ఆగిన ప్రతి చెల్లింపునూ విడిగా తెరిచి కారణం రాసుకోవడమే మంచిది.

ఇక సమయం సంగతి. క్వార్టర్ మొదలవడానికి రెండు వారాల ముందే ఇప్పటి అంకెలు కొలవడం మొదలుపెట్టాలి. కొలిచే లాగింగే (జరిగినదాన్ని సిస్టమ్ రాసుకునే ఏర్పాటే) లేదంటే మొదటి క్వార్టర్‌లో లాగింగ్ పెట్టడమే పని. దానికి సిగ్గుపడక్కర్లేదు. తర్వాత గంటన్నర చొప్పున రెండు సమావేశాలు: మొదటిదాంట్లో ఆబ్జెక్టివ్, రెండోదాంట్లో అంకెలు. ఈ రెండింటి మధ్య కనీసం రెండు రోజులుండాలి. ఆ రెండు రోజుల్లోనే ఎవరో ఒకరు డేటాబేస్‌లో క్వెరీ కొట్టి “మనం అనుకున్న అంకె తప్పు” అని తేలుస్తారు. ఆపైన ప్రతి సోమవారం 15 నిమిషాలు, ఆరో వారంలో ఒక గంట, చివర్లో గంటన్నర. ఎనిమిది మంది టీమ్‌కు మొత్తం లెక్కేస్తే: సమావేశాలకు 24 పనిగంటలు, 12 సోమవారాలకు 24, మధ్య సమీక్షకు 8, చివరిదానికి 12. మొత్తం 68. పదమూడు వారాల్లో ఎనిమిది మందికి ఉండేవి 4,160 గంటలు కాబట్టి ఇది 1.6 శాతమే. ఓకేఆర్ వల్ల సమయమంతా పోతోందని ఏ టీమైనా అంటోందంటే, అది పద్ధతి ఖర్చు కాదు. పైవాళ్లకు చూపించడానికి తయారుచేసే స్లైడ్‌ల ఖర్చు.

సోమవారం 15 నిమిషాల్లో అడగాల్సినవి మూడే: అంకె ఇప్పుడెంత, చేరుతామన్న నమ్మకం పదికి ఎంత, ఈ వారం ఏ పని ఆపుతున్నాం. నమ్మకం గత వారం 7 ఉండి ఈ వారం 4కు పడితే మాట్లాడాల్సింది దాని గురించే. మిగతా వరుసలు చదివి వినిపించక్కర్లేదు.

చివర్లో గ్రేడ్ వేయడం సులువు. 3.2 నుంచి 1.5కు రావాలనుకుని 2.0 దగ్గర ఆగితే, కదలాల్సిన 1.7లో 1.2 కదిలింది. గ్రేడ్ 0.7. గూగుల్ పద్ధతిలో సాహసంగా పెట్టుకున్న లక్ష్యానికి 0.6 నుంచి 0.7 వస్తే బాగున్నట్టే. ప్రతిసారీ 1.0 వస్తుంటే లక్ష్యం మరీ కిందికి పెట్టినట్టు. క్రోమ్ బ్రౌజర్ కథ దీనికి మంచి ఉదాహరణ. వారంలో ఒక్కసారైనా వాడేవారు 2008లో 2 కోట్లు కావాలనుకున్నారు, అందలేదు. 2009కి 5 కోట్లు పెట్టారు, అదీ అందలేదు. 2010కి 10 కోట్లు అనుకుని, మధ్యలో 11.1 కోట్లకు పెంచి, ఆ ఏడాది అందుకున్నారు. రెండేళ్లు వరుసగా తప్పినా లక్ష్యాన్ని పెంచుతూ పోయే వీలు అక్కడుంది.

మన దగ్గర ఓకేఆర్ పాడయ్యేది సరిగ్గా ఇక్కడే. అదే 0.7ను అప్రైజల్ ఫారంలో పెట్టగానే “30 శాతం చేయలేదు” అని చదువుతారు. వేరియబుల్ పే దానికి ముడిపడిందని తెలిసిన మరుసటి క్వార్టర్ నుంచి టీమ్ 3.2ను 2.9కే తెస్తామంటుంది. ఇది టీమ్ తప్పు కాదు. ఇంటి వాయిదాలు కట్టుకోవాల్సిన మనిషి అలాగే ఆలోచిస్తాడు. కాబట్టి గట్టిగా చెప్పాల్సిన మాట ఇది: మీ కంపెనీలో ఓకేఆర్ గ్రేడ్ నేరుగా అప్రైజల్‌లోకి వెళ్తుంటే, దాన్ని మార్పించే అధికారం మీకు లేకుంటే, ఓకేఆర్ ఎంచుకోకండి. సాహసం లేని ఓకేఆర్ కన్నా సూటిగా రాసిన స్ప్రింట్ గోల్ ఎంతో మేలు. వ్యక్తి పేరుమీద విడివిడిగా ఓకేఆర్‌లు రాయించడం కూడా ఇలాంటిదే. స్పాటిఫై అలా చేసి చూసి వదిలేసినట్టు బహిరంగంగానే రాసింది. చెక్అవుట్ అంకెను కదిలించేది డెవలపర్, టెస్టర్, డిజైనర్ కలిసి చేసిన పని. దాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే ఒకరి కోడ్ రివ్యూ ఇంకొకరికి భారంగా మారుతుంది.

పైనుంచి కిందికి దించే తీరు ఇంకో తలనొప్పి. అమెరికాలో ఉన్న వైస్ ప్రెసిడెంట్ ఆబ్జెక్టివ్ “వార్షిక ఆదాయం పెంచాలి” అయితే, హైదరాబాద్ టీమ్ షీట్‌లోనూ అదే వాక్యం అతికించి ఉంటుంది. నోటిఫికేషన్ సర్వీస్ రాసే ఆరుగురు ఆదాయాన్ని ఎలా పెంచుతారు? ఆ వాక్యాన్ని అతికించే బదులు ఒక ప్రశ్న వేసుకోండి: మన చేతిలో ఉన్న ఏ అంకె కదిలితే పైవాళ్ల అంకె కదులుతుంది? రిన్యూవల్ గుర్తుచేసే మెసేజ్ సమయానికి చేరే శాతం కావచ్చు. ఆ ఒక్క అంకె రాసి, పై ఆబ్జెక్టివ్‌కు లింక్ ఇస్తే చాలు. ఇక సంఖ్య విషయానికొస్తే, ఎనిమిది మందికి ఒక ఆబ్జెక్టివ్, మూడు కీ రిజల్ట్‌లు సరిపోతాయి. ఐదు ఆబ్జెక్టివ్‌లకు నాలుగేసి అంకెలంటే ఇరవై. మనిషికి రెండున్నర అంకెలు మోస్తూ ఎవరూ దేన్నీ పక్కన పెట్టలేరు.

ఎస్‌ఎల్‌ఓ: తక్కువ మంది ఎంచుకునేది, ఎక్కువ మందికి అవసరమైనది

ప్లాట్‌ఫామ్, సపోర్ట్, మెయింటెనెన్స్ టీమ్‌లకు ఓకేఆర్ రాయించడం చూస్తే బాధేస్తుంది. ఏ క్వార్టర్‌లో ఏం చెడుతుందో వాళ్లకు ముందు తెలియదు. వాళ్లకు కావాల్సింది ఎప్పుడు ఆగాలో చెప్పే గీత. గూగుల్ సైట్ రిలయబిలిటీ టీమ్‌ల నుంచి వ్యాపించిన ఎస్‌ఎల్‌ఓ, ఎర్రర్ బడ్జెట్ జంట ఆ గీత గీస్తుంది.

లెక్క ఇదీ. సర్వీస్ 99.9 శాతం సమయం పనిచేయాలని పెట్టుకుంటే, 30 రోజుల్లో 43 నిమిషాల 12 సెకన్లు పడిపోవడానికి అనుమతి ఉన్నట్టు. 99.95కు 21 నిమిషాల 36 సెకన్లు. 99.99కు 4 నిమిషాల 19 సెకన్లు. రాత్రి రెండింటికి అలర్ట్ మోగి, ఆన్‌కాల్ మనిషి నిద్రలేచి, ల్యాప్‌టాప్ తెరిచి, వీపీఎన్ కనెక్ట్ చేసుకునేసరికే నాలుగు నిమిషాలు దాటుతాయి. కాబట్టి మనుషులు చేత్తో సరిచేసే సర్వీస్‌కు 99.99 రాయడమంటే అబద్ధం రాయడమే. ఆటోమేటిక్‌గా ఫెయిలోవర్ అయ్యే (చెడిన సర్వర్ పనిని మరో సర్వర్ తీసుకునే) ఏర్పాటు ఉంటేనే ఆ అంకె గురించి ఆలోచించాలి.

అనుమతి ఉన్న ఆ నిమిషాలే ఎర్రర్ బడ్జెట్. అది మిగిలి ఉన్నంతకాలం కొత్త ఫీచర్లు రిలీజ్ చేసుకోవచ్చు. అయిపోతే ఫీచర్లు ఆపి, నిలకడ పెంచే పనే చేయాలి. మన గీటురాయికి ఇంత సూటిగా నిలిచే పద్ధతి ఇంకోటి లేదు: ఏ పని ఎప్పుడు ఆపాలో ముందే రాసి ఉంటుంది. కానీ “అయిపోతే ఏం చేస్తాం” అన్న ఆ అరపేజీ ఒప్పందం మీద ప్రోడక్ట్ మేనేజర్ సంతకం లేకపోతే ఎస్‌ఎల్‌ఓ డ్యాష్‌బోర్డ్‌లో అలంకారంగా మిగులుతుంది. బడ్జెట్ అయిపోయిన రోజే పెద్ద రిలీజ్ ఉంటుంది. “ఈ ఒక్కసారికి” అంటారు. ఒకసారి అన్నాక ఇక ఆ గీత ఎవరికీ కనబడదు. మినహాయింపు ఎవరు ఇవ్వగలరో, క్వార్టర్‌కు ఎన్నిసార్లు ఇవ్వగలరో కూడా ఆ అరపేజీలోనే రాసుకోండి.

కొలిచే చోటు తప్పడం చాలా సాధారణం. సర్వర్ లాగ్‌ల నుంచి కొలిస్తే, సర్వర్ దాకా రాని రిక్వెస్టులు లెక్కలోకే రావు. సర్వర్ చచ్చిపోయిన పది నిమిషాల్లో సున్నా రిక్వెస్టులు, సున్నా ఎర్రర్లు, వంద శాతం విజయం. రిక్వెస్టులను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ దగ్గర కొలవాలి, వీలైతే కస్టమర్ ఫోన్‌లోంచే. స్పందించే వేగానికి సగటు తీసుకోవద్దు. నూటికి 95 మందికి ఎంతలోపు జవాబొచ్చిందో, 99 మందికి ఎంతలోపు వచ్చిందో చూడాలి. సగటు 300 మిల్లీసెకన్లున్న సర్వీస్‌లో కూడా నూటికి ఒకరు ఎనిమిది సెకన్లు చక్రం తిరగడం చూస్తూ ఉండవచ్చు.

ఒకే గంటలో జనం విరుచుకుపడే సిస్టమ్‌లకు నెల లెక్క అసలు పనికిరాదు. తత్కాల్ టికెట్లు ఉదయం పది గంటలకు ఏసీకి, పదకొండుకు నాన్ ఏసీకి తెరుచుకుంటాయి. తిరుమల 300 రూపాయల దర్శనం కోటా విడుదలయ్యే గంటా అలాంటిదే, ప్రవేశ పరీక్ష ఫలితాలొచ్చే పూటా అలాంటిదే. ఇలాంటి సిస్టమ్ కీలకమైన పది నిమిషాలూ పూర్తిగా పడిపోయిందనుకోండి. నెలలో 43,200 నిమిషాలు. పది పోతే ఇంకా 99.977 శాతం. 99.9 లక్ష్యం దర్జాగా దాటినట్టు లెక్క తేలుతుంది, వచ్చినవాళ్లంతా ఖాళీ చేతులతో వెనక్కి పోతారు. ఇక్కడ నిమిషాలు లెక్కించకుండా రిక్వెస్టులు లెక్కించాలి, లేదా ఆ గంటకు విడిగా ఒక ఎస్‌ఎల్‌ఓ రాయాలి.

మొదలుపెట్టేటప్పుడు రెండు మూడు కొలతలు మించొద్దు. గత నాలుగు వారాల అంకె చూసి, దానికి కాస్త దిగువన గీత గీయండి. ఇప్పుడు 99.93 ఉంటే 99.9తో మొదలుపెట్టండి. క్లయింట్‌తో కాంట్రాక్టులో రాసిన ఎస్‌ఎల్‌ఏ వేరు, ఎస్‌ఎల్‌ఓ వేరు. ఎస్‌ఎల్‌ఏ తప్పితే డబ్బు కట్టాలి. ఎస్‌ఎల్‌ఓ ఎప్పుడూ దానికన్నా గట్టిగా ఉండాలి, అప్పుడే జరిమానా పడకముందే టీమ్ మేల్కొంటుంది. రెండూ ఒకే అంకె పెట్టుకున్న టీమ్‌కు హెచ్చరిక, జరిమానా ఒకేసారి అందుతాయి.

స్ప్రింట్ గోల్: ఖర్చు లేనిది, నిర్లక్ష్యానికి గురైనది

సర్వీస్ కంపెనీల టీమ్‌లకు కొత్త పద్ధతి కొనక్కర్లేదు. స్క్రమ్ (చిన్న విడతల్లో పనిచేసే పద్ధతి) చేస్తున్నామనే చెబుతారు కాబట్టి స్ప్రింట్ గోల్ వాళ్ల దగ్గరే ఉంది. 2020లో వచ్చిన స్క్రమ్ గైడ్ దాన్ని స్ప్రింట్ బ్యాక్‌లాగ్‌కు (ఆ విడతలో చేయాల్సిన పనుల జాబితాకు) కట్టుబాటుగా స్పష్టంగా నిలబెట్టింది. అయినా చాలాచోట్ల ఆ గడిలో “34 స్టోరీ పాయింట్లు పూర్తిచేయాలి” అనో, “12 టికెట్లు మూయాలి” అనో ఉంటుంది. పాయింట్లంటే పని ఎంత పెద్దదో టీమ్ వేసుకునే అంచనా. వాటిని లక్ష్యం చేస్తే అవే పెరుగుతాయి. మూడున్న స్టోరీ ఐదవుతుంది, స్ప్రింట్‌కు ఎన్ని పాయింట్లో చూపే వెలాసిటీ గ్రాఫ్ ఎక్కుతుంది, క్లయింట్‌కు అందేది మాత్రం అంతే.

సరైన స్ప్రింట్ గోల్‌కు ఒక పరీక్ష ఉంది: ఇది ఒక్కటీ అయి, మిగతా స్టోరీలు మిగిలిపోయినా స్ప్రింట్ గెలిచినట్టేనా? “పాత కస్టమర్ తన ఇన్సూరెన్స్ పాలసీని ఏజెంట్ సాయం లేకుండా రిన్యూ చేసుకోగలగాలి” ఈ పరీక్షలో నిలుస్తుంది. ఎనిమిదో రోజున ప్రొడక్షన్ బగ్ వచ్చి మీద పడితే ఏ స్టోరీ వదిలేయాలో ఈ వాక్యమే చెబుతుంది.

కెపాసిటీ నిజాయితీగా లెక్కించాలి. ఆరుగురు, పది రోజులు: 60. సెలవులు 4 తీసేస్తే 56. ప్రొడక్షన్ సపోర్ట్‌కు అయిదో వంతు పక్కన పెడితే 45. ప్లానింగ్, రోజువారీ స్టాండప్, రివ్యూ, రెట్రోకు (స్ప్రింట్ ఎలా సాగిందో చూసుకునే సమావేశానికి) మనిషికి ఒకరోజు చొప్పున తీస్తే 39. అరవై అనుకుని మాటిచ్చిన టీమ్ ప్రతి స్ప్రింట్‌లోనూ మూడో వంతు మిగుల్చుకోవడానికి కారణం ఇంతే. క్లయింట్ వైపు ప్రోడక్ట్ ఓనర్ న్యూయార్క్‌లో ఉంటే తొమ్మిదిన్నర నుంచి పదిన్నర గంటల తేడా. ఉదయం వచ్చిన సందేహానికి జవాబు వచ్చేసరికి ఆ రోజు అయిపోతుంది. స్ప్రింట్‌లో రెండు సందేహాలంటే రెండు రోజులు. అందుకే గోల్‌కు సంబంధించిన స్టోరీలకు మాత్రమైనా అంగీకార షరతులు ప్లానింగ్‌కు ముందే రాయించుకోండి. మిగతావి మధ్యలో అడిగినా ఫర్వాలేదు.

మిగతావి, క్లుప్తంగా

స్మార్ట్ లక్ష్యాలు 1981లో జార్జ్ డోరన్ రాసినవి. ఇప్పుడవి చెక్‌లిస్ట్‌గా మాత్రమే పనికొస్తాయి. తేదీ బయటివాళ్లు పెట్టిన పనులకు బాగుంటాయి. 2022 అక్టోబర్ 1 నుంచి వ్యాపారుల దగ్గర కార్డు నంబర్లు నిల్వ ఉండకూడదని రిజర్వ్ బ్యాంక్ చెప్పినప్పుడు, టోకెనైజేషన్‌కు (కార్డు నంబర్ బదులు టోకెన్ వాడడానికి) మారడం సాహస లక్ష్యం కాదు. అక్కడ 0.7 అనే గ్రేడ్‌కు అర్థం లేదు. ఎవరు, ఏమిటి, ఎప్పటిలోగా అని రాసుకుని పూర్తిచేయాలి.

డోరా అనే పరిశోధన బృందం చెప్పిన నాలుగు కొలతలు (ఎంత తరచుగా డిప్లాయ్ చేస్తున్నాం, కోడ్ కమిట్ నుంచి ప్రొడక్షన్‌కు ఎంతసేపు, ఎన్ని మార్పులు చెడగొడుతున్నాయి, చెడితే ఎంతసేపట్లో కోలుకుంటున్నాం) జ్వరం చూసే థర్మామీటర్ లాంటివి. ప్రతి టీమ్ పెట్టుకోవాలి. లక్ష్యంగా మాత్రం పెట్టుకోకూడదు, రెండు టీమ్‌లను పోల్చడానికి అసలే వాడకూడదు. బ్యాంకు కోర్ సిస్టమ్ రాసే టీమ్, వెబ్‌సైట్ బ్యానర్లు మార్చే టీమ్ ఒకే రోజున ఒకేలా డిప్లాయ్ చేయవు. ఓకేఆర్ నడిచే క్వార్టర్‌లో మూడో కొలత పెరుగుతుంటే, అంకె కోసం టీమ్ తొందరపడుతోందని తెలుస్తుంది.

సేల్స్‌ఫోర్స్ కంపెనీ లక్ష్యాలు రాసుకోవడానికి వాడే వీ2మామ్‌లో అప్పు తెచ్చుకోదగ్గది ఒకటుంది: అడ్డంకులకు ప్రత్యేకంగా చోటివ్వడం. “టెస్ట్ డేటా వేరే టీమ్ దగ్గరుంది, అడిగితే పది రోజులు” అన్నది మొదటి రోజే రాసుంటే పదో వారంలో ఆశ్చర్యపడక్కర్లేదు. మీ షీట్‌లో ఆ కాలమ్ ఒక్కటి చేర్చుకోండి. మిగతాది సంస్థ మొత్తానికి ఉద్దేశించింది.

బేస్‌క్యాంప్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆరు వారాల పద్ధతి చిన్న స్టార్టప్‌లకు బాగా నప్పుతుంది. ఆరు వారాలు పని, రెండు వారాలు విరామంలో చిన్నాచితకా మరమ్మతులు. సమయం ముందు తేల్చి, దానికి సరిపడా పనిని కత్తిరిస్తారు. ఆరు వారాల్లో పూర్తికాకపోతే మామూలుగా పొడిగించరు. ఈ చివరి నియమం పాటించలేని చోట మిగతా పద్ధతి తెచ్చుకుని లాభం లేదు. క్లయింట్ ప్రాజెక్టులకు ఇది కుదరదు.

టూల్ సంగతి

పద్ధతి తేలకముందే టూల్ కొనొద్దు. మైక్రోసాఫ్ట్ 2021లో కొన్న ఆలీ డాట్ ఐఓ అనే ఓకేఆర్ టూల్ వైవా గోల్స్‌గా మారింది. 2025 డిసెంబర్ 31తో ఆ సర్వీసే ముగిసింది. దాంట్లోనే లక్ష్యాలన్నీ పెట్టుకున్న సంస్థలు వేరే చోటికి మారాల్సి వచ్చింది. మూడు టీమ్‌ల దాకా గూగుల్ షీట్ చాలు. కాలమ్‌లు ఇవి: కీ రిజల్ట్, చూసుకునే మనిషి, మొదటి అంకె, చేరాల్సిన అంకె, ఇప్పటి అంకె, నమ్మకం పదికి, అడ్డంకి, ఈ వారం ఆపిన పని. చివరి కాలమ్ వరుసగా నాలుగు వారాలు ఖాళీగా ఉంటే, అప్పటికప్పుడే అందరూ కూర్చుని ఒక కీ రిజల్ట్ తీసేయండి. క్వార్టర్ చివరిదాకా ఆగక్కర్లేదు. ఇప్పటి అంకె చేత్తో నింపేదైతే మూడో వారానికి ఆగిపోతుంది. క్వెరీ ఒకటి రాసి సోమవారం ఉదయం దానంతటదే నిండేలా పెట్టండి. దానికి పట్టే సగం రోజు దండగ కాదు.

క్యాలెండర్ చూసుకోకుండా అంకెలు రాయొద్దు. అమెరికా మాతృసంస్థ సాధారణంగా జనవరి నుంచి డిసెంబర్ లెక్కలో నడుస్తుంది. ఇక్కడి అప్రైజల్ చాలాచోట్ల ఏప్రిల్ నుంచి మార్చి. ఒకే టీమ్ రెండు వేర్వేరు షీట్‌లు నింపుతూ ఉంటే ఒకటి తప్పకుండా అబద్ధమవుతుంది. మేనేజర్‌తో మాట్లాడి జనవరి లెక్కనే ఉంచుకోండి. అప్రైజల్‌కు దాంట్లోంచి ఏం చేశామో రాసుకోవచ్చు, అంకెలు కాదు. ఓఎన్‌డీ (అక్టోబర్-డిసెంబర్) క్వార్టర్‌లో పేరుకు 13 వారాలున్నా, రిటైల్ క్లయింట్ ఉన్న టీమ్‌కు దొరికేవి చాలా తక్కువ. దసరా, బతుకమ్మకు ఒక వారం. దీపావళికి రెండు మూడు రోజులు. థాంక్స్‌గివింగ్‌కు ముందు వారం నుంచి కొత్త ఏడాది దాకా కోడ్ ఫ్రీజ్ (ప్రొడక్షన్‌లోకి కొత్త మార్పులు పంపకూడని కాలం), అంటే దాదాపు ఆరు వారాలు. ప్రొడక్షన్‌లోకి కోడ్ పంపగలిగేది అయిదారు వారాలే. కోడ్ పంపితేనే కదిలే కీ రిజల్ట్ ఒక్కటే పెట్టుకుని, దాన్ని అక్టోబర్‌లోనే మొదలుపెట్టండి. ఫ్రీజ్ వారాల్లో లాగింగ్, టెస్టులు, వచ్చే క్వార్టర్‌కు ఇప్పటి అంకెలు కొలిచే క్వెరీలు సిద్ధం చేసుకోండి. జనవరిలో సంక్రాంతికి ఊళ్లకు వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి మూడో వారం అవుతుంది కాబట్టి, జేఎఫ్‌ఎం (జనవరి-మార్చి) లక్ష్యాలు తేల్చే రెండు సమావేశాలూ డిసెంబర్‌లోనే పెట్టేసుకోండి.